చప్పట్లు కొట్టిన పాటలు

చిన్నప్పుడు పాడుకున్న సినిమా పాటలను పెద్దయ్యాక మళ్ళీ వినడం కాస్త జాగ్రత్తగా చేయవలసిన పని. బాణీ పాత స్నేహితుడిలా పలకరిస్తుంది. మాటలు మాత్రం, "ఏం నాయనా, ఇన్నాళ్ళకు విన్నావా మమ్మల్ని?" అని నిలదీస్తాయి.

ముషీరాబాద్ వాటాల్లో ఒకరింట్లో టేపురికార్డరు ఉంటే పాట పది ఇళ్ళదీను. 1983లో వచ్చిన ‘సాగర సంగమం’లో జతులతో మొదలయ్యే పాటకు అరుగుల మీద గంతులు వేయని పిల్లవాడు మా ఈడువాళ్ళలో లేడు. వేటూరి మాటలు, ఇళయరాజా బాణీ, బాలసుబ్రహ్మణ్యంగారి గొంతు! కాళ్ళు ఊరుకుంటాయా మరి? ఆ ఆడే మనిషి కలలన్నీ పోగొట్టుకుని, తాగి, నూతిగట్టు మీద అడుగులు వేస్తున్నాడనీ, ఒక్క అడుగు తప్పితే నూతిపాలేననీ మా బుర్రలకు ఎక్కితేనా!

1989 నాటి ‘గీతాంజలి’ మరీ గడుసుది. వానలో గెంతుతూ పాడే ఆ పిల్లకు గుండెజబ్బు. ఎంతోకాలం బతకనని తనకు తెలుసు. మాకు తెలిసింది వాన ఒక్కటే. ఆ మరుసటేడు వానాకాలం నాన్నగారు ఆసుపత్రిలో ఉంటే, అమ్మ కారియరు సర్దుతూ ఆ పాటే కూనిరాగం తీసేది. అమ్మ ఎంత సంతోషంగా ఉందో అని మేం చప్పట్లు కొట్టేవాళ్ళం. ఆవిడ ఆపేది కాదు, పైగా గొంతు కాస్త పెంచేది. మొన్న తార్నాక బస్సులో ఎవరి ఫోనులోనో ఆ పాట మోగినప్పుడు, ఆ గొంతు ఎందుకు పెంచేదో తెలిసివచ్చింది.

1993లో ‘మాతృదేవోభవ’ వచ్చింది. చావు ముంచుకొస్తున్న తల్లి పిల్లలను తలా ఒక ఇంటికి పెంపకానికిచ్చే కథ. అందులోని పాటకు వేటూరికి జాతీయ పురస్కారం దక్కింది. అది ఏడిపిస్తానని ముందే చెప్పి ఏడిపించిన పాట. దానితో పేచీ లేదు. నవ్వుతూ వచ్చి గుండెలో మకాం పెట్టే పాటలతోనే చిక్కంతా.

ఇది సినిమావాళ్ళు కనిపెట్టిన విద్యా కాదు. మన ఆడవాళ్ళు పాడుకున్న ‘ఊర్మిళాదేవి నిద్ర’ సంగతి చూడండి. రాగం హాయిగా సాగిపోతుంది. కథ మాత్రం పద్నాలుగేళ్ళు మగడికి దూరమై నిద్రపోయిన ఇల్లాలిది. ఉన్నది కరుణరసం ఒక్కటేననీ, తక్కినవన్నీ నీటిలోని సుడులూ, బుడగలూ, అలల వంటివనీ భవభూతి ఊరికే అన్నాడా?

ఉస్మానియా ఆవరణలో పొద్దున్నే నాతో నడిచే మిత్రుడొకాయన, "పిల్లలకు ఏడుపు పాటలు వినిపించకూడదండీ" అంటాడు. ఎందుకు కూడదు? పిల్లలు బాణీ పుచ్చుకుంటారు, అర్థాన్ని అటక మీద పెడతారు. కష్టం వచ్చిననాడు దించుకుంటే, తమకంటే ముందు ఎవరో ఈ దారిన పాడుకుంటూ వెళ్ళారని తెలుస్తుంది. అది తక్కువ ధైర్యమా?

కాబట్టి పిల్లలను పాడుకోనివ్వండి. మీ వంటింట్లోంచి కూనిరాగం వినిపిస్తే మాత్రం పత్రిక ఒక్కక్షణం పక్కన పెట్టి, ఈసారి మాటలు కూడా వినండి.