ఓర్పు అంటే నోరు మూసుకోవడమేనా?

మా హాస్టల్‌లో ఆదివారం సాయంత్రం కొందరం ప్రార్థన చేసుకుంటాం. వాక్యం చెప్పడానికి వచ్చే పెద్దలు ఏ అంశం మొదలుపెట్టినా చివరకు ఓర్పు దగ్గరే ఆగుతారు. నీళ్ళు రాకపోయినా, పప్పు పలచగా ఉన్నా, స్కాలర్‌షిప్ ఆలస్యమైనా ఓర్చుకోవాలి. ఓర్చుకునే కొద్దీ ఆత్మీయంగా ఎదుగుతామట. ఈ మాట మీద మాకు కొంత అభ్యంతరం ఉంది. పెద్దలు క్షమించాలి.

ఓర్పు గురించి చెప్పేవారు ఎక్కువగా యాకోబు పత్రిక ఐదో అధ్యాయం తెరుస్తారు. తొలకరి వాన, కడవరి వాన పడేదాకా ఎదురుచూసే రైతును చూసి నేర్చుకోమని అందులో ఉంది. కానీ ఆ రైతు మాటకు ముందే, అదే అధ్యాయంలో, చేలు కోసినవాళ్ళ కూలి ఎగ్గొట్టిన ధనవంతుల మీద యాకోబు మండిపడతాడు. ఆ కూలివాళ్ళ మొర దేవుని చెవిన పడిందంటాడు. మాలో చాలామందిమి కూలివాళ్ళ పిల్లలమే. ఆ భాగం మాకెవరూ ఎందుకు చదివి వినిపించరు? ఆ తర్వాత ఆయన యోబు ఓర్పును గుర్తు చేస్తాడు. ఆ యోబు అధ్యాయాల కొద్దీ దేవునితోనే వాదించినవాడు. తప్పు నీదే, ఒప్పుకో అన్న స్నేహితులనే చివరకు దేవుడు తప్పుపట్టాడు.

ఇక రైతు సంగతి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని వాన పడే అనంతపురం వాళ్ళకు ఎదురుచూడటమంటే ఏమిటో వేరే చెప్పాలా? మా నాయనలు మబ్బుల్ని చూస్తూ ఊరికే కూర్చోరు. ముందే చేను దున్ని, రాళ్ళేరి, గట్లు సరిచేసి పెట్టుకుంటారు. అమ్మలు రాత్రిళ్ళు కూర్చుని చెనక్కాయలు ఒలిచి విత్తనం సిద్ధం చేస్తారు. పదును కాగానే గొర్రు కడతారు. పంట పోతే అప్పు మిగులుతుంది. మరుసటేడు మళ్ళీ దున్నుతారు.

అలాంటి ఓర్పు గల ఒక మనిషిని ఈ సీమ చూసింది. స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ 1952లో జెసూట్ సభ తరఫున మన దేశానికి వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో పేద రైతుల మధ్య పనిచేస్తుండగా 1968లో ఆయన్ను దేశం విడిచి వెళ్ళమన్నారు. 1969లో తిరిగొచ్చి అనంతపురం చేరారు. మరుసటేడు జెసూట్ సభను వదిలేశారు గానీ ఈ నేలను వదల్లేదు. 2009 జూన్ 19న కన్నుమూసేదాకా నలభై ఏళ్ళు ఇక్కడే. ఆయన పెట్టిన ఆర్.డి.టి. ఊళ్ళలో బడులు, పేదలకు ఇళ్ళు, బత్తలపల్లిలో ఆసుపత్రి కట్టింది. కరువు మీ తలరాత, ఓర్చుకోండి అని ఆయన ఎవరికీ చెప్పి పంపలేదు.

అలాగని మేమేదో ఎదిగిపోయామని కాదు. మొన్నటి ఎండాకాలం కొళాయి దగ్గర బకెట్ల వరుసలో చిన్న క్లాసుల పిల్లల్ని వెనక్కి నెట్టింది మేమే. ఆ సాయంత్రమే ప్రార్థనలో గొంతెత్తి పాడాం కూడా. అక్కడ ఓర్చుకోవాల్సింది మేము. ఇప్పుడు చిన్నవాళ్ళు పట్టుకున్నాకే మేం పట్టుకోవాలని అనుకున్నాం. రోజూ జరుగుతోందా అంటే, లేదు. పరీక్షల రోజుల్లో అసలు జరగలేదు.

బోరు మోటారు గురించి రెండు అర్జీలు ఇచ్చాం, జవాబు రాలేదు. ఇప్పుడు మూడోది రాశాం. ఈసారి చిన్నపిల్లలు కూడా సంతకాలు పెట్టారు. ఇద్దరు పెన్సిల్‌తో పెడితే, దాని మీదే పెన్నుతో దిద్దించాం.