హైవేమెన్ రెండో ఆల్బమ్.. ఫ్యాన్స్‌లో ఇప్పటికీ రెండు మాటలే!

జానీ క్యాష్, విల్లీ నెల్సన్, వేలన్ జెన్నింగ్స్, క్రిస్ క్రిస్టోఫర్సన్.. అమెరికా కంట్రీ మ్యూజిక్‌లో నలుగురూ నలుగురే! 1985లో వీళ్లు కలిసి చేసిన ‘హైవేమ్యాన్’ టైటిల్ సాంగ్ బిల్‌బోర్డ్ కంట్రీ చార్ట్‌లో నంబర్ వన్ కొట్టింది. 1990లో ‘హైవేమ్యాన్ 2’ వచ్చింది. కానీ సింగిల్ ‘సిల్వర్ స్టాలియన్’ టాప్ 20కి కూడా చేరలేదు. దీంతో ‘మొదటి దాంట్లో ఉన్న మ్యాజిక్ లేదు’ అని చాలామంది పెదవి విరిచారు.

మరి రెండోది తీసిపారేయాల్సిందేనా? అస్సలు కాదు. మొదటి హిట్ బయటి రచయిత జిమ్మీ వెబ్ రాసింది. రెండో ఆల్బమ్‌లో మాత్రం ఈ నలుగురూ సొంతంగా రాసుకున్న పాటలే ఎక్కువ. అందుకే దాన్ని వెనకేసుకొచ్చేవాళ్లూ ఉన్నారు. హిట్ కావాలా, మొదటిది వినండి. ఆ నలుగురి మనసులో మాట కావాలా.. రెండోదే వినాలి.