ఎఫెసీయులకు ఆరో అధ్యాయంలో నాలుగో వచనం ఎవరు చదవాలి?

మన ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ మాటలు తిరగక ముందే ఒక వచనం నేర్పిస్తాము. ఎఫెసీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయం, మొదటిది. అమ్మానాయనల మాట వినాలని చెప్పేది. ఆదివార బడిలో అదే, వి.బి.ఎస్.లో అదే, క్రిస్మస్‌కు అందరూ చేరినప్పుడు బిడ్డను స్టూలు మీద నిలబెట్టి చెప్పించేదీ అదే. మూడు వచనాలు దాటితే అదే పౌలు తండ్రుల వైపు తిరిగి, మీ పిల్లలకు కోపం పుట్టించొద్దండి అంటాడు. కొలొస్సయులకు రాసిన దాంట్లో కూడా ఇదే వరుస. 3:20 పిల్లలకు, 3:21 తండ్రులకు. అక్కడ ఇంకొంచెం ముందుకు పోయి, అట్ల చేస్తే వాళ్ళ మనసు కుంగిపోతుందని కారణం కూడా చెప్పినాడు. ఈ రెండో మాటను కంఠత పట్టిన నాయనను మేము ఇన్నేండ్లలో ఒక్కరిని కూడా చూడలేదు. మాతో కలిపే చెప్తా ఉన్నాము.

ఇది రాయడానికి కారణం మా పెద్దోడు. వానికి ఎనిమిదేండ్లు. ఆదివార బడిలో ఒక చార్టు ఇచ్చినారు, రోజుకొక అధ్యాయం చదివి టిక్కు పెట్టుకోవాలి, కింద అమ్మానాయన సంతకం. పోయిన నెల ఒక శనివారం చూస్తే వారమంతా టిక్కులు నిండుగా ఉన్నాయి. యోనా గ్రంథం. నాలుగే అధ్యాయాలు. చేప సంగతి చెప్పమంటే గడగడా చెప్పినాడు. ఆఖర్లో ఆ సొరచెట్టు ఏమయిందిరా అంటే నోరు తెరవలేదు. చదవకుండానే టిక్కు పెట్టినాడని తేలిపోయింది. చెక్క స్కేలుతో అరచేతి మీద రెండు పడినాయి. చదవనందుకు కాదు, అబద్ధానికి అని చెప్పి మరీ కొట్టినాము.

వాడు ఏడవలేదు. "నువ్వు పొద్దున ఫోన్లో పద్నాలుగూ పాస్ అన్నావు కదా నాయనా. అప్పుడు లాప్‌టాప్ తెరవనే లేదు" అన్నాడు.

మాలో సాఫ్ట్‌వేర్ టెస్టరు ఎవరో మీకందరికీ తెలుసు. వారమంతా మారికుప్పం రైల్లో బెంగళూరుకు పోయి వచ్చి, శనివారం ఇంటి నుంచే ఒక రిలీజ్ పని ఉండింది. పద్నాలుగు టెస్ట్ కేసులు మిగిలినాయి. పోయిన సారి అన్నీ పాసే కదా అని రన్ చేయకుండానే పాస్ అని చెప్పేసినాము. పక్కన కూచోని దోసె తింటా ఉన్న పిల్లోనికి ఏమి అర్థమవుతుంది అనుకున్నాము. వానికి అర్థమయింది టిక్కు పెట్టే విద్య.

ఇప్పుడు మన పెద్దవాళ్ళతో మా తగాదా ఏమంటే, ఇట్లాంటిది జరిగినప్పుడు మన దగ్గర ఉండే మందు ఒక్కటే. సామెతలు 13:24. బెత్తం వచనం. మన కొట్టే చేతికి దేవుని ముద్ర వేసిచ్చేది అదే. సరే, దాన్నే చూద్దాము. అక్కడ హీబ్రూలో ఉండే మాట షేబెట్. ఇరవై మూడో కీర్తన నాలుగో వచనంలో కాపరి చేతిలో ఉండేది కూడా అదే షేబెట్. మన తెలుగు బైబిల్లో ఇక్కడ బెత్తము అనీ, అక్కడ దుడ్డుకఱ్ఱ అనీ వచ్చింది కాబట్టి రెండూ వేరే వేరే అనుకుంటా ఉన్నాము. చావు బెడ్‌ పక్కన ఆ కీర్తన చదివి ఆదరణ పొందేది కూడా మనమే కదా. ఆ కర్రను చూస్తే గొర్రెకు ధైర్యం రావాలి. మన స్కేలు చూస్తే పిల్లోనికి ఏమి వస్తుంది? సామెతల్లో అది నిజంగా దెబ్బ గురించే అని వాదించేవాళ్ళు ఉన్నారు, వాదించనీ. అంత అక్షరం అక్షరం పట్టుకునేవాళ్ళు ఎఫెసీ 6:4ను మాత్రం ఎందుకు దాటిపోతారో చెప్పాలి.

ఆ నాలుగో వచనంలో తెలుగులో శిక్ష అనే మాట ఉంది. మేము చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు బడిలో నేర్వలేదు, అవ్వ బైబిల్లో, కీర్తనల పుస్తకంలో వేలు పెట్టి నేర్చుకున్నాము. అందువల్ల ఒక లాభం కూడా ఉంది. కన్నడలో శిక్షణ అంటే చదువు, శిక్షక అంటే అయివారు, బళ్ళు నడిపేది శిక్షణ ఇలాఖె. దండించడాన్ని శిక్షె అంటారు కానీ వేరు ఒక్కటే, నేర్పడం. పౌలు రాసిన గ్రీకు మాట పైడెయా కూడా బిడ్డ అనే మాట నుంచి వచ్చిందే, బిడ్డను పెంచి తీర్చడం. తెలుగులో మాత్రం శిక్ష అనగానే మన చేతికి స్కేలే తోస్తుంది. మాట తప్పు కాదు, చదివే మన చెయ్యి తప్పు.

"మేమంతా దెబ్బలు తినే పెరిగినాము, చెడిపోయినామా?" అని అడుగుతారు. చెడిపోలేదు. పలమనేరు దిక్కు నుంచి ముత్తాత ఛాంపియన్ రీఫ్ గనికి వచ్చినప్పటి నుంచి మన ఇంట్లో ఒక్కరు కూడా ప్రార్థన విడవలేదు, అది నిజమే. ఇంకొకటి కూడా నిజమే. 2001 ఫిబ్రవరి 28న గని మూసినాక, చేతికి వచ్చిన డబ్బులో సగం మన చిన్నాయన ఒకరు చీటీల్లో పోగొట్టుకున్నారు. మూడేండ్లు తాతకు చెప్పలేదు. అప్పటికి ఆయనకు నలభై దాటింది. తాత మంచం పట్టినాడు, చెయ్యి ఎత్తే శక్తి కూడా లేదు. అయినా చెప్పలేదు. తాత ఆయన కోసం ప్రతి పొద్దున పేరు పెట్టి ప్రార్థన చేస్తా ఉండినాడు, దేని కోసం చేయాలో తెలియకుండానే పోయినాడు. లూకా 15లో చిన్న కొడుకు అంతా పోగొట్టుకొని కూడా ఇంటికి దారి పట్టినాడంటే, ఆ ఇంట్లో ఎట్లాంటి నాయన ఉండినాడో వానికి తెలుసు కాబట్టే. మన ఇంట్లో పిల్లలకు ఏమి తెలుసు?

కంఠత వాక్యాల మీద మాకు కోపం లేదు. అవ్వ నేర్పినవి ఈ పొద్దుకూ మాకు ఆసరానే. కానీ టెస్టర్ల భాషలో దాన్ని హ్యాపీ పాత్ అంటారు. అడిగేది ముందే తెలుసు, రావలసిన జవాబు తెలుసు, పాస్. దాంతో సాఫ్ట్‌వేర్ బాగుందని ఎవరూ సంతకం పెట్టరు (పెట్టినవాని కథ పైన చదివినారు). ఆటలో ఓడిపోయి వచ్చినప్పుడు, తమ్ముని పలక విరగ్గొట్టినప్పుడు, నాయనదే తప్పని తెలిసినప్పుడు పిల్లోడు ఏమి చేస్తాడు, మనం ఏమి చేస్తాము, పరీక్ష అక్కడ ఉంది. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం కూడా ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు నేర్పమంటుంది కానీ స్టూలు మాట ఎత్తదు. అంతకన్నా ముందు ఆ మాటలు పెద్దవాళ్ళ గుండెలో ఉండాలంటుంది.

మన తెలుగు క్రైస్తవులకు మారుమనస్సు అని ఒక మాట ఉంది. కన్నడ బడిలో మేము నేర్చిన పశ్చాత్తాప కంటే ఇది గట్టిది. పశ్చాత్తాపం తర్వాత పడే బాధ, మారుమనస్సు మనసే తిరిగిపోవడం. ప్రతి ఆదివారం ఆ మాట వింటాము. ఇంట్లో ఒక నాయనకు మారుమనస్సు కలగడం బిడ్డ కంటితో చూసింది ఎప్పుడు? "సాక్ష్యం పోతుంది" అని భయం. పోయేది సాక్ష్యం కాదు, పరువు. ఈ రెండింటినీ కలిపేసి ఎన్ని ఏండ్లుగా బతుకుతా ఉన్నామో.

సోమవారం ఆఫీసుకు పోయి ఆ పద్నాలుగూ రన్ చేయలేదని చెప్పినాము. చేసి చూస్తే రెండు ఫెయిల్. మేనేజరు అరవలేదు, రాసుకున్నాడు. ఈ ఏడు ఇంక్రిమెంటు సంగతి అడగొద్దండి. రాత్రి ఇంటికి వచ్చి పిల్లోనికి అంతా చెప్పి, మమ్మల్ని క్షమించమని అడిగినాము. చార్టు సంగతి కూడా మాట్లాడినాము, వాడు యోనా మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టినాడు. కాసేపు చూసి, "సరే, ఆ రెండు దెబ్బలు వాపస్ తీసుకుంటావా?" అన్నాడు. ఎట్ల తీసుకోవాలో మాకు ఇంకా తెలియలేదు.

అందుకే ముందే చెప్తా ఉన్నాము. ఈ క్రిస్మస్‌కు పిల్లల కంఠత వాక్యాల పోటీకి బహుమానాలు కొనే వంతు మాది. పిల్లలకు మేము కొనము. స్టూలు అక్కడే ఉంటుంది. అన్నలు, బావలు, చిన్నాయనలు ఎవరన్నా దాని మీదికెక్కి నాలుగో వచనం చూడకుండా చెప్తే, స్టీలు డబ్బా వాళ్ళకు ఇస్తాము.