తల్లీబిడ్డల చిట్టాలు

2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేయందు మన రాష్ట్రమున నూటికి 96.5 కానుపులు ఆసుపత్రులలోనే జరుగుచున్నవని తేలినది. సంతోషింపదగిన సంగతియే. అదే సర్వేలో ఐదేండ్లలోపు బిడ్డలలో నూటికి 31.2 వంతున వయస్సునకు తగిన ఎత్తు ఎదుగలేదనియు, 15 మొదలు 49 ఏండ్లవరకు గల స్త్రీలలో నూటికి 58.8 వంతున రక్తహీనత కలదనియు తేలినది. అనగా, పుట్టిన బిడ్డలలో మిక్కిలిమంది పుట్టిననాడే సర్కారు పుస్తకమున కెక్కుచున్నారు. ఎక్కిన పిదప ఎచ్చట వెనుకబడిరో చెప్పు పుస్తకము లేదు. పుస్తకములకు కొదువ యుండి కాదు, అవి యొకదాని నొకటి ఎరుగక.

కృష్ణ సముద్రమున కలియు హంసలదీవినే తీసికొందము. అచ్చట కాపురమున్న స్త్రీ గర్భవతి యైనచో ఆరోగ్య కార్యకర్త ఆమె పేరు వైద్యశాఖ లెక్కలో వ్రాయును. అంగన్‌వాడీ కార్యకర్త 2021 మార్చి 1 నుండి నడచుచున్న పోషణ్ ట్రాకరులో, చేతిఫోనునందు, మరల వ్రాయును. బియ్యపుకార్డు వేరొక శాఖది. తొలికానుపునకు ఆమె గుడివాడ చేరువ పుట్టింటి కేగును. కానుపు కష్టమైన బందరు ఆసుపత్రికి. 1969 నాటి చట్టముచొప్పున బిడ్డ జననము పుట్టినచోటనే నమోదగును. నెలల తరువాత తల్లీబిడ్డలు దివికి మరలుదురు. ఐదేండ్లకు బడిలో చేర్చునపుడు పంతులుగారు పుట్టినతేదీని సౌకర్యముకొలది జూన్ నెలకు సరిపెట్టుటయు మన మెరుగనిది కాదు. ఒక పుస్తకమున పుట్టింటి ఇంటిపేరు, ఒకదానిలో అత్తింటిది. లక్ష్మి యను రెండక్షరముల పేరే ఇంగ్లీషు లిపిలో మూడు తీరుల వ్రాయబడును. ఈ కాగితములపై ఒక్క తల్లి నలుగురు స్త్రీలైనది!

చెదరిన చిట్టాలను కలుపుట క్రొత్త తలంపు కాదు. 1946లోనే అమెరికా దేశపు జననమరణ గణాంకశాఖలోని హాల్బర్ట్ డన్ మనుష్యుని జీవితమును ఒక గ్రంథముగా భావించి, దాని పుటలను కూర్చు విధమును చర్చించెను. డెన్మార్కు 1968లో పౌరులందరకు ఒక్కొక్క సంఖ్య నిచ్చినది. మన యొద్ద 1987-90లో జాతీయ పోషకాహార సంస్థవారు హైదరాబాదు చేరువ 29 పల్లెలలో ఒక పరిశోధన సలిపిరి; అందు 15 పల్లెలలో గర్భిణులకును చిన్నబిడ్డలకును అదనపు ఆహారము చేరినది, తక్కినవానిలో చేరలేదు. 2003-05లో ఆ బిడ్డలను, అప్పటికి 13 మొదలు 18 ఏండ్లవారిని, వెదకి పరీక్షింపగా, ఆహారము చేరిన పల్లెలవారు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా నుండిరి. వారి రక్తనాళముల బిరుసును తక్కువయే. కడుపులోనున్నపుడు తల్లి తిన్న ముద్ద పదునైదేండ్లకు బిడ్డ నరములలో కనబడినది! ఆ పరిశోధకులు ఇల్లిల్లు తిరిగి సాధించినదానిలో కొంతభాగమైనను, చిట్టాలు కలిసియున్నచో, బందరులో కూర్చుండి తెలిసికొనవచ్చును. దివిసీమలో ఏ పల్లె తల్లులకు ఆసుపత్రి చేరుట ఆలస్యమగుచున్నది? బరువు తక్కువగా పుట్టిన బిడ్డలు మూడవ తరగతికి వచ్చుసరికి ఎట్లున్నారు? వీనిని అడుగువారు లేరు.

ప్రభుత్వమునకు చిట్టాలు కలుపుట చేతగాదని యెవరైన ననుకొనిన పొరపాటు. 2020లో మొదలైన అమ్మఒడికిని, 2025లో వచ్చిన తల్లికి వందనమునకును, విద్యుత్తు మీటరును, భూమిని, కారును, ఆదాయపు పన్నును ఆధారు సంఖ్యతో ముడివేసి పరిశీలించిరి. నెలకు సగటున 300 యూనిట్లు మించిన ఇంటితల్లి అనర్హురాలు. ఒకే మీటరుక్రింద మూడు కాపురము లున్నచో ఆ యంత్రమున కేమి తెలియును? తొలగించుటకు పనికివచ్చిన విద్య తెలిసికొనుటకు ఏల పనికిరాలేదని మా ప్రశ్న.

జనుల భయము నిరాధారము కాదు. 2018లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటునుండి లక్షకు పైబడిన లబ్ధిదారుల ఆధారు వివరములు, కులమతములతో సహా, బయటపడినవి. నెదర్లాండ్సు దేశమున శిశుసంరక్షణ భత్యము పొందిన తలిదండ్రులను వేలకొలదిగా మోసగాండ్రని లెక్కలు ముద్రవేసినవి. ఆ కుటుంబముల బిడ్డలలో వేయిమందికి పైగా ఇంటినుండి తొలగింపబడిరి. 2021 జనవరిలో మంత్రివర్గమే రాజీనామా నిచ్చినది. కావున గోడ యుండవలెను. పేర్లు చూచి చిట్టాలు కలుపువారు వ్యాధుల వివరము చూడరాదు. వివరము చదువు పండితులు పేర్లు చూడరాదు. పడమటి ఆస్ట్రేలియాలో 1995 నుండి ఈ పద్ధతియే నడచుచున్నది. 2023లో మన పార్లమెంటు ఆమోదించిన వ్యక్తిగత డేటా చట్టమును పరిశోధనకు మినహాయింపు నిచ్చుచు, ఆ వివరములతో ఏ యొక్క వ్యక్తిని గూర్చియు నిర్ణయము చేయరాదని షరతు పెట్టినది. దివిసీమ తల్లికి ఈ షరతే కంచె. పరిశోధనకని తీసిన చిట్టా మరునాడు బియ్యపుకార్డు కోతకు పోయినచో, ఆమె మరల నిజము చెప్పదు. చెప్పవలసిన పనియు లేదు.

అసలు ఏ పుస్తకమునకు నెక్కనివారి మాట? ఎదురుమొండి దీవులకు పడవపై పోవలెను. జనన పత్రమే లేని యానాది కుటుంబములు ఈ తీరమున నేటికిని గలవు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది ప్రాంతముల జనము వేలకొలదిగా కొట్టుకొనిపోయిరి. ఆ మృతుల లెక్క నేటికిని ఒక్కటిగా లేదు. బ్రదికియున్ననాడు వ్రాయబడనివారిని చచ్చిననాడు లెక్కించుట యెట్లు? సంగమమున మునిగిన కాకి హంసయైనదని ఇచ్చటి స్థలపురాణము చెప్పును. యంత్రములో ముంచినంతమాత్రమున తప్పులెక్క మంచిలెక్క కానేరదు.

కోడూరు, నాగాయలంక మండలములతో ఈ పని మొదలిడవలెను. ముందుగా ఆరోగ్య, అంగన్‌వాడీ కార్యకర్తలు, తగిన భత్యముతో, దిబ్బదిబ్బకు పోయి వ్రాయబడని తల్లీబిడ్డలను వ్రాయుదురు గాక. అటుపిమ్మట పేర్లు తొలగించిన చిట్టాలను బందరులోని కృష్ణా విశ్వవిద్యాలయమునకు అప్పగింపవలెను. వచ్చిన తొలి ఫలితమును అమరావతికి పంపకమునుపే, ఆ పల్లెల గ్రామసభలలో తెలుగున చదివి వినిపింపవలెను.