తెర మీది వేగాన్ని నమ్మి రోడ్డెక్కొద్దు

సిమ్యులేటర్ మీద డ్రైవింగ్ నేర్చుకుంటున్నవారికి, వారి తల్లిదండ్రులకు, నేర్పే స్కూళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాల్సిన సమయమిది. గేర్లు మార్చడం, ఇండికేటర్ వేయడం, అద్దాలు చూసుకోవడం ఆ యంత్రం మీద చక్కగా అలవాటవుతాయి. వేగం అంచనా మాత్రం అలా రాదు. వచ్చేసిందని అనిపిస్తుంది. ప్రమాదమంతా ఆ నమ్మకంలోనే ఉంది.

2021 జులై 1న అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాల్లో సిమ్యులేటర్ ఉండి తీరాలి. కారు కోర్సు 29 గంటలు. అక్కడ పరీక్ష పాసైనవారు లైసెన్సు కోసం మళ్లీ ఆర్టీఏ ట్రాక్ మీద బండి నడిపి చూపించనక్కర్లేదు. అంటే ఈ యంత్రం ఇప్పుడు లైసెన్సుకు దారి. మరోపక్క, ఇంట్లోనే స్టీరింగు, పెడళ్లు బిగించుకుని రాత్రంతా రేసులాడే కుర్రాళ్లున్నారు. స్కూల్లోనైనా ఇంట్లోనైనా కళ్లముందుండేది తెరే.

రోడ్డు మీద మనకు వేగం ఎలా తెలుస్తుంది? సూటిగా ఎదుట కనిపించే రోడ్డు చెప్పేది కొంతే. పక్కనుంచి వెనక్కి పరుగెత్తే చెట్లు, డివైడర్, రెయిలింగు కంటి అంచుల్లో కదులుతుంటాయి. వేగం లెక్క చాలావరకు అక్కడే తేలుతుంది. మన రెండు కళ్లకూ కలిపి అటూ ఇటూ దాదాపు 180 డిగ్రీల మేర కనిపిస్తుంది. ఇప్పుడు ఇంట్లో మానిటర్‌ను టేపుతో కొలవండి. 27 అంగుళాల మానిటర్ వెడల్పు సుమారు 60 సెంటీమీటర్లు. దానికి 70 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే కంటికి అది పరుచుకునేది 46 డిగ్రీలే. మిగతా చోటంతా గది గోడ, గోడ కదలదు. అందుకే దృశ్యాన్ని అదే 46 డిగ్రీల కోణంలో చూపిస్తే, 80 కిలోమీటర్ల వేగం కూడా నత్తనడకలా తోస్తుంది.

ఆ నీరసం పోగొట్టడానికి సెట్టింగుల్లోకి వెళ్లి కోణం పెంచేస్తారు. 90 డిగ్రీలు పెట్టగానే పక్కనున్నవన్నీ తెరలోకొచ్చి సర్రున దూసుకుపోతాయి, ఒళ్లు జలదరిస్తుంది. కానీ 90 డిగ్రీల దృశ్యాన్ని 46 డిగ్రీల చోటులో ఇరికిస్తే తెర నడుమ ఉన్నవన్నీ కుంచించుకుపోతాయి. ఆటలో 30 మీటర్ల దూరాన ఉన్న లారీ నిజం రోడ్డు మీద 70 మీటర్ల దూరంలోని లారీ అంత చిన్నగా కనిపిస్తుంది. దాన్ని గుద్దకుండా ఆగడం నేర్చుకున్నా, ఆ నేర్పు ఆ తెరకు, ఆ కుర్చీకి, ఆ అంకెకే చెల్లుతుంది. కోణం మారితే దూరమూ మారుతుంది, వేగమూ మారుతుంది.

వేగం విషయంలో ఇది మరీ చేటు. పెద్ద కోణానికి అలవాటుపడ్డ కన్ను 80 అంటే హోరెత్తే పరుగు అనుకుంటుంది. అదే మనిషి నిజం కారెక్కి, అద్దాలు మూసి, ఏసీ వేసుకుని, వెడల్పాటి రోడ్డు మీద 80కి చేరితే ఏమీ అనిపించదు. ఇంకొంచెం తొక్కుతాడు. 80 అనుకుంటూ 100లో ఉంటాడు. పొడి రోడ్డు, మంచి టైర్లు, బ్రేకు మీదికి కాలు వెళ్లడానికి ఒక్క సెకను అని లెక్కేసినా, 80లో ఆగడానికి 57 మీటర్లు కావాలి, 100లో 83 మీటర్లు. మధ్యలో ఉన్న ఆ పాతిక మీటర్లలో ఎవరైనా రోడ్డు దాటుతుంటే?

పొగమంచు సంగతి మరీ ముఖ్యం. 1998లో నేచర్ పత్రికలో బ్రిటన్ పరిశోధకులు ఒక సిమ్యులేటర్ ప్రయోగం ప్రచురించారు. మంచు కప్పిన దృశ్యంలో జనం తమ వేగాన్ని తక్కువగా అంచనా వేసి, మరింత వేగంగా నడిపారు. 2012లో జర్మనీలోని ట్యూబింగెన్ మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు మంచును నిజంగా ఉండే తీరులో, దూరం పెరిగేకొద్దీ చిక్కబడేలా గీసి చూపించారు. ఫలితం తలకిందులైంది, జనం నెమ్మదించారు. తెర మీద మంచును గీసిన పద్ధతి మారితేనే మనిషి కాలు అటునుంచి ఇటు మారిపోయింది! సంక్రాంతి రద్దీలో తెల్లవారుజామున హైదరాబాద్-విజయవాడ హైవే ఎక్కేవాళ్లు, తెర మీద నేర్చుకున్న మంచును నమ్ముకుని బయల్దేరొద్దు.

స్కూళ్ల యాజమాన్యాలకు మా డిమాండు సూటిగా ఇదీ: తెర వెడల్పు, కుర్చీ దూరం కొలిచి, కోణాన్ని దానికి సరిపోయేలా పెట్టి, ఎవరూ మార్చకుండా లాక్ చేయండి. ఒక్క తెరతో సరిపెట్టకుండా మూడు తెరలు పెట్టండి. తనిఖీకి వచ్చే అధికారులు యంత్రం ఉందా లేదా అనే చూసి వెళ్లకుండా ఆ కోణం ఎంతుందో అడిగి రాసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, నిజం కారులో బోధకుడు పక్కన కూర్చుని, మీటరు వైపు చూడకుండా వేగమెంతో విద్యార్థితో చెప్పించాలి. ఆ తర్వాతే ముల్లు చూడాలి. 40లో, 60లో ఈ అంచనా కుదిరేదాకా హైవే మీదికి తీసుకెళ్లకూడదు.

తల్లిదండ్రులారా, మీ వాడు ఆటలో ఎన్ని రేసులు గెలిచినా, కొత్త లైసెన్సు చేతికొచ్చిన వారమే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కడానికి కారు తాళం చెవి ఇవ్వకండి. అక్కడ 120 దాకా వెళ్లనిస్తారు. ఆ వేగంలో కారు సెకనుకు 33 మీటర్లు పోతుంది. మొదటి కొన్ని నెలలు పక్కన అనుభవమున్నవాళ్లు కూర్చోండి. అతని అంచనాను కాదు, మీటరు ముల్లునే నమ్మండి.