జబ్బు తేలింది, ఖర్చు ఎవరిది?



ఆస్పత్రి వరండాలో కాసేపు కూర్చున్నవారికి ఈ దృశ్యం కొత్త కాదు. లోపల మంచం మీద పెద్దాయన ఉంటాడు. పరీక్షలు అయ్యాయి, జబ్బు తేలింది, డాక్టరు గారు చికిత్స చెప్పారు. బయట కొడుకులు వాదించుకుంటూ ఉంటారు. "పొలం ఎక్కువ అనుభవించింది నువ్వు, ఖర్చు నువ్వే పెట్టాలి అన్నయ్యా" అంటాడు చిన్నవాడు. "ఇప్పుడు నీ సంపాదన తక్కువా? నువ్వూ వెయ్యి" అంటాడు పెద్దవాడు. ఇద్దరి మాటలోనూ ఎంతో కొంత న్యాయం ఉంటుంది. కానీ వాళ్ల వాదన తెగేదాకా జబ్బు ఆగదు.

భూమి వేడెక్కడం గురించి ప్రపంచ దేశాలు ముప్పై ఏళ్లకు పైగా చేస్తున్న చర్చలు చూస్తుంటే మాకు ఆ వరండాయే గుర్తుకు వస్తుంది. ఆరోగ్య పత్రికలో ఈ రాజకీయాలు ఎందుకు అని మీలో కొందరు అడగవచ్చు. ఆ చర్చలు ఎంత దూరాన జరిగినా వాటి ఫలితం వడదెబ్బగా, ఉబ్బసంగా, దోమల జ్వరంగా మన ఇళ్లకే వస్తుంది. అందుకే ఈసారి ఈ విషయం మీద మా అభిప్రాయం చెప్పదలచాము.

జబ్బు ఏమిటి?

బొగ్గు, పెట్రోలు, డీజిలు, గ్యాసు మండినప్పుడు బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. అది గాలిలో చేరి, భూమి నుండి బయటికి పోవలసిన వేడిని దుప్పటిలా కప్పి ఆపుతుంది. ఇది నిన్న మొన్న పుట్టిన మాట కాదు. స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ 1896లోనే దీనికి లెక్క కట్టాడు. యంత్రాల యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లున్న ఈ వాయువు ఇప్పుడు 420 దాటింది. లెక్కలు రాయడం మొదలుపెట్టాక 2024 అన్నిటికంటే వేడి సంవత్సరమని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. పాత రోజులతో పోలిస్తే ఆ ఏడాది భూమి సగటు వేడి దాదాపు 1.55 డిగ్రీలు ఎక్కువ. ఒకటిన్నర డిగ్రీ ఎంతలే అనుకోకండి. మన ఒంటి వేడి 37 డిగ్రీల నుండి 38.5కు పెరిగితే దాన్ని జ్వరం అంటాము.

2003లో యూరప్‌లో వీచిన వడగాలులకు సుమారు 70,000 మంది చనిపోయారని అంచనా. ధనిక దేశాలు, మంచి ఆస్పత్రులు ఉన్న దేశాలు కూడా తప్పించుకోలేకపోయాయి. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా, తెలంగాణలో వందల మంది ఎండలకు ప్రాణాలు కోల్పోయారు. ప్రతి వడగాలికీ భూతాపం ఒక్కటే కారణమని చెప్పలేము. కానీ వడగాలులు ఎక్కువసార్లు రావడానికి, ఎక్కువ రోజులు ఉండడానికి అది కారణమని శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ ఎండ అందరికీ ఒకేలా తగలదు. నీడన కూర్చుని పని చేసుకునేవారికంటే పొలంలో, రోడ్డు పనిలో, ఇటుక బట్టీలో ఉన్నవారికే మొదటి దెబ్బ.

వరండాలో వాదన

1992లో బ్రెజిల్ దేశంలోని రియో నగరంలో దేశాలన్నీ కలిసి ఒక ఒడంబడిక చేసుకున్నాయి. బాధ్యత అందరిదీ, కానీ అందరికీ ఒకే వాటా కాదు అన్నది అందులోని ముఖ్య సూత్రం. ఎక్కువ పొగ వదిలి బాగుపడినవారు ముందు తగ్గించుకోవాలి, మిగిలినవారికి సాయం చేయాలి. 1997లో జపాన్‌లోని క్యోటోలో దీనికి లెక్కలు కుదిరాయి. ధనిక దేశాలు 2008-2012 మధ్య తమ ఉద్గారాలను 1990 నాటికంటే సగటున సుమారు 5 శాతం తగ్గించాలి.

అయితే క్యోటో సమావేశానికి ముందే, 1997 జూలైలో, అమెరికా సెనేట్ 95-0 ఓట్లతో ఒక తీర్మానం చేసింది. పేద దేశాలకు కూడా షరతులు లేకుండా, మన ఆర్థిక వ్యవస్థకు నష్టం కలిగించే ఒప్పందంలో చేరరాదన్నది దాని సారాంశం. 2001లో అధ్యక్షుడు బుష్ క్యోటోను కాదన్నారు. కెనడా 2011లో తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. 2009లో కోపెన్‌హేగెన్‌లో ధనిక దేశాలు మరో మాట ఇచ్చాయి. 2020 నాటికి పేద దేశాలకు ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నాయి. ఆ అంకె చేరింది 2022లో, రెండేళ్లు ఆలస్యంగా.

2015లో పారిస్‌లో పద్ధతి మార్చారు. ఎవరు ఎంత తగ్గించాలో పైనుండి చెప్పకుండా ఎవరి మాట వారే ఇచ్చే ఏర్పాటు చేశారు. వేడి పెరుగుదలను రెండు డిగ్రీలకు బాగా తక్కువలో, వీలైతే 1.5 దగ్గర ఆపాలని అనుకున్నారు. అమెరికా ఆ ఒప్పందం నుండి 2020లో బయటికి వెళ్లింది, 2021లో తిరిగి చేరింది, 2025 జనవరిలో మళ్లీ తప్పుకుంటానంది. ప్రభుత్వం మారినప్పుడల్లా మందు చీటీ మారితే ఏ రోగికి నయమవుతుంది?

2021లో గ్లాస్గోలో మన దేశం కూడా విమర్శ ఎదుర్కొంది. బొగ్గు వాడకాన్ని "క్రమంగా మానివేయడం" అన్న మాటను చివరి గంటల్లో "క్రమంగా తగ్గించడం" అని మార్చాలని భారత్, చైనా పట్టుబట్టాయి. 2024లో బాకులో, 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లు అన్న ధనిక దేశాల మాట చాలదని మన ప్రతినిధి నిండు సభలోనే అభ్యంతరం చెప్పారు. 2025 నవంబరులో బ్రెజిల్‌లోని బెలెంలో, బొగ్గు, చమురు, గ్యాసు నుండి బయటపడే దారి ఏదో రాసుకుందామని 80కి పైగా దేశాలు అడిగినా తుది నిర్ణయంలో దానికి చోటు దొరకలేదు.

ఇన్ని సమావేశాలలో ఆరోగ్యానికంటూ ఒక రోజు కేటాయించింది మొదటిసారి 2023లో, దుబాయిలో. అది 28వ సమావేశం. రోగి పేరు ఎత్తడానికి బంధువులకు ఇన్నేళ్లు పట్టిందన్నమాట.

అనుమానం అమ్మినవారు

ఖర్చు గురించి వాదించుకోవడం అర్థం చేసుకోవచ్చు. కానీ అసలు జబ్బే లేదని చెప్పి కాలం గడిపినవారి సంగతి వేరు. ఆస్పత్రివారికి ఈ కథ బాగా తెలుసు. సిగరెట్టుకు, ఊపిరితిత్తుల క్యాన్సరుకు సంబంధం ఉందని 1950లలోనే పరిశోధనలు చూపించాయి. పొగాకు కంపెనీలు వాటిని తప్పని నిరూపించలేకపోయాయి. అందుకని "ఇంకా తేలలేదు, ఇంకా పరిశోధించాలి" అంటూ పదుల ఏళ్లు గడిపాయి. ప్రజలకు అనుమానం కలిగితే చాలు, అమ్మకాలు సాగిపోతాయి. ఆ ఏళ్లలో ఎందరు పోయారో లెక్క వేయలేము.

భూతాపం విషయంలోనూ అదే జరిగింది. అమెరికా చమురు కంపెనీ ఎక్సాన్ సొంత శాస్త్రవేత్తలు 1970ల చివర నుండి వేసిన అంచనాలు తరువాత జరిగిన దానికి బాగా దగ్గరగా ఉన్నాయని 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపించింది. బయట ప్రజలకు మాత్రం ఆ కంపెనీ ఏళ్ల తరబడి, శాస్త్రం ఇంకా తేలలేదనే చెప్పింది.

శాస్త్రవేత్తలు తప్పులు చేయరని మేము అనము. ఐక్యరాజ్య సమితి వాతావరణ సంఘం 2007 నివేదికలో హిమాలయాల మంచు 2035 నాటికే కరిగిపోవచ్చని ఆధారం లేకుండా రాశారు. 2010లో అది పొరపాటని ఒప్పుకున్నారు. వేల పేజీల నివేదికలో ఆ ఒక్క తప్పు పట్టుకుని అంతా అబద్ధమే అన్నవారు ఉన్నారు. ల్యాబ్ రిపోర్టులో ఒక అంకె తప్పు పడితే దాన్ని సరిచేయించుకుంటాము గాని, నాకు షుగరే లేదని మందులు మానేయము కదా!

ఒకసారి కలిసి చేసిన పని

దేశాలు ఎప్పుడూ కలవవని నిరాశ పడనక్కరలేదు. మీ ఇంట్లో ఉబ్బసం ఉన్నవారు నోట్లోకి పీల్చుకునే ఇన్‌హేలర్ డబ్బాను ఒకసారి చూడండి. ఒకప్పుడు ఆ డబ్బాలలో, ఫ్రిజ్‌లలో సి.ఎఫ్.సి. అనే వాయువులు వాడేవారు. అవి పైన ఓజోన్ పొరను తినేస్తున్నాయని తేలింది. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్‌లో ఒప్పందం కుదిరింది. పేద దేశాలకు అదనపు గడువు ఇచ్చారు. తరువాత వాటి ఖర్చు కోసం ప్రత్యేక నిధి పెట్టారు. ఆ నిధికి మాట కుదిరాక 1992లో మన దేశం కూడా చేరింది. ఆ వాయువులు పోయాయి, ఇన్‌హేలర్లు మారాయి, ఏ రోగికీ మందు ఆగలేదు. ఓజోన్ పొర కోలుకుంటోంది.

బొగ్గు మానడం అంత తేలిక కాదని మాకు తెలుసు. ఫ్రిజ్ వాయువు కొన్ని కంపెనీల సరుకు. బొగ్గు, చమురు మన బతుకంతా అల్లుకుని ఉన్నాయి. మన కరెంటులో నూటికి 70 పాళ్లకు పైగా బొగ్గుదే. ఆస్పత్రిలో ఆక్సిజన్ యంత్రం నడిచేది కూడా ఆ కరెంటుతోనే. అయినా మాంట్రియల్ పాఠం ఒకటుంది. ఖర్చు ఎవరిదో, గడువు ఎంతో న్యాయంగా తేల్చినప్పుడు అందరూ సంతకం పెట్టారు.

మా మాట

సగటు భారతీయుడు ఏడాదికి సుమారు 2 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు కారణమైతే, సగటు అమెరికన్ సుమారు 14 టన్నులకు కారణం. కాబట్టి ధనిక దేశాలే ఎక్కువ ఖర్చు భరించాలన్న మన వాదన న్యాయమైనదే. దాన్ని వదులుకోమని మేము చెప్పడం లేదు.

అయితే ఆ న్యాయం మన ఊపిరితిత్తులను కాపాడదు. బొగ్గు పొగ, డీజిలు పొగ, కట్టెల పొయ్యి పొగ హాని చేసేది ముందుగా ఇక్కడివారికే. గాలి కాలుష్యం వలన ప్రపంచంలో ఏటా 70 లక్షల మంది అకాల మరణం పాలవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పొగ తగ్గించడం పరాయి దేశానికి చేసే ఉపకారం కాదు, మన పిల్లల వైద్యం. మన దేశంలో సూర్యరశ్మి, గాలి వంటి వాటి నుండి కరెంటు తీసే సామర్థ్యం మొత్తంలో సగానికి చేరిందని 2025లో ప్రభుత్వం ప్రకటించడం మంచి మాట. ఆ దారిలో ఇంకా వేగం కావాలి.

ఆ ఖర్చు మన దేశంలోనూ పేదవాడి మీద పడకూడదు. సింగరేణి గనుల మీద ఆధారపడి బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారికి వేరే జీవనాధారం చూపకుండా గనులు మూయమనడం, రోగి నోటి దగ్గర అన్నం తీసేసి పథ్యం అనడం వంటిది.

ఇక ఎండ. 2010 మే నెలలో అహ్మదాబాదులో వడగాలులకు మామూలుకంటే 1,300 మందికి పైగా ఎక్కువగా చనిపోయారు. ఆ నగరం 2013లో ఒక ప్రణాళిక వేసుకుంది. ముందుగా హెచ్చరికలు, వైద్య సిబ్బందికి శిక్షణ, మంచినీరు, నీడ. ఇవేవీ ప్రపంచ ఒప్పందం కోసం ఆగవలసిన పనులు కావు.

ఓట్ల కోసం మీ గుమ్మానికి వచ్చే ఏ పార్టీ వారినైనా మూడు ప్రశ్నలు అడగండి. మన ఊళ్లో వడగాలుల ప్రణాళిక కాగితం మీద ఉందా, పనిలో ఉందా? మధ్యాహ్నం కూలి పని ఆపితే ఆ పూట కూలి ఎవరిస్తారు? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎండాకాలం ఓ.ఆర్.ఎస్., సెలైను, ఫ్యాను నడిచే కరెంటు ఉంటాయా? దేశాధినేతల చర్చలు మన చేతిలో లేవు గాని, ఈ ప్రశ్నలు మన నోటిలో ఉన్నాయి.

ఖర్చు లెక్క తేలవలసిందే, పెద్దకొడుకు తన వాటా పెట్టవలసిందే. కానీ ముందు సెలైను ఎక్కించండి అని వరండాలో ఉన్నవారందరికీ మా మనవి.