కదలని యంత్రానికీ కాపలా కావాలి

విద్యుదయస్కాంత ఫ్లోమీటరులో కదిలే భాగమేదీ లేదు. కనుక దానికి మరమ్మతు అక్కరలేదన్న మాట తరచు వినవస్తుంది. ఇది అర్ధసత్యమని మేము భావిస్తున్నాము.

అయస్కాంత క్షేత్రంలో విద్యుద్వాహక ద్రవం ప్రవహిస్తే, దాని వేగానికి అనుగుణంగా వోల్టేజి పుడుతుంది. 1832లో మైకేల్ ఫారడే లండన్‌లోని వాటర్లూ వంతెన వద్ద థేమ్స్ నదిలో, భూమి అయస్కాంతత్వమే ఆధారంగా దీనిని పట్టజూచి విఫలుడైనాడు. సూత్రం సరియైనదే, నీట ముంచిన లోహపు పలకలపై జరిగిన రసాయనిక చర్యలు మొదలైనవి ఆ ప్రయత్నాన్ని చెడగొట్టాయి.

నేటి గొట్టాలలోనూ సంకేతం అతిస్వల్పమే. ఎలక్ట్రోడులకు పాచి, జిడ్డు, సున్నపు పెచ్చు పట్టినా, ఎర్తింగు సడలినా, గొట్టం నిండకపోయినా అంకె తప్పుతుంది. కనుక మీటరును విప్పక ముందే ఇరువైపులా వాల్వులు మూసి, నిండు గొట్టంలో నీరు నిశ్చలంగా ఉండగా సున్న చూపుతున్నదా అని పరీక్షించాలి. చూపకపోతే ముందు ఎర్తింగును, తీగలను, పిమ్మట ఎలక్ట్రోడులను చూడాలి. ఇనుప బ్రష్షుతో గీకితే లోపలి రబ్బరు లేక టెఫ్లాన్ పొర చెడుతుంది. మెత్తని గుడ్డతో తుడవాలి.

అంకె తప్పితే త్రాగునీటిలో క్లోరిన్ మోతాదు తప్పుతుంది. కర్మాగారం వదిలే మురుగునీటి లెక్క తప్పుతుంది. ఆ ఫలితం అనుభవించేది మీటరును ఎన్నడూ చూడని ప్రజలే.

విద్యార్థులారా! ఫారడే సూత్రాన్ని పరీక్షలో వ్రాసిన చేతికి ఎలక్ట్రోడు తుడవడం చిన్నతనం కాదు. అదీ చదువులో భాగమే.